సుబ్బులమ్మ ఇంటి మూగ టీవీ

శ్రీకాళహస్తి బజారువీధిలో స్టీలు పాత్రల అంగడి దొరస్వామి ఇంట్లో టీవీకి మాట పడిపోయి పద్నాలుగు నెలలైందన్న సంగతి వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క దొరస్వామికి తప్ప. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ దొరస్వామిని ఎరిగినవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. పొద్దున ఏడు కొట్టేసరికి అంగడి తలుపులు తీసేవాడు, రాత్రి తొమ్మిదికి గానీ మూసేవాడు కాదు. ఆదివారం, సోమవారం గుడికొచ్చే జనం ఎక్కువ కాబట్టి ఆ రెండు రోజులూ మధ్యాహ్నం అన్నం కూడా అంగడికే పోయేది. టీవీ అనేది కూర్చుని చూడ్డానికని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. ఇంటిమీద నలభై అడుగుల ఇనప గొట్టం, దాని చివర మద్రాసు వైపు తిరిగిన యాంటెన్నా, అది బజారు మొదట్నుంచే కనపడడం, అంతవరకే ఆయన లెక్క.

ఆ పెట్టెను 1977లో మద్రాసు నుంచి లారీలో, పరుపుల మధ్య పెట్టి తెచ్చారు. నాలుగు కాళ్ళు, ముందర పక్కకు జరిపే చెక్క తలుపులు, వాటికొక తాళం. చూస్తే టీవీ అనుకోరు, నగలు దాచే బీరువా అనుకుంటారు. బొమ్మ నలుపూ తెలుపూ. గాలి గట్టిగా వీస్తే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు పడేవి. మద్రాసు స్టేషను తప్ప మరొకటి అందేది కాదు కాబట్టి వార్తలైనా, పాటలైనా, ఆదివారం సాయంత్రం సినిమా అయినా అరవమే; మాట్లాడడం రాకపోయినా, వింటే వీధిలో అందరికీ అంతో ఇంతో అర్థమయ్యేది.

ఇంతకీ ఈ కథ దొరస్వామిది కాదు. ఆయన భార్య సుబ్బులమ్మది.

సుబ్బులమ్మ పుట్టింది తిరుత్తణి పక్కన ఒక పల్లెలో. ఆమె పుట్టేనాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు సరిహద్దు గీత జరిపి ఆ ఊళ్ళను మద్రాసు రాష్ట్రంలో కలిపేశారు. ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం, రెండూ నాలుక మీద కలిసిపోయిన పిల్ల. నోరు మాత్రం మహా మంచి నోరు. టూరింగ్ టాకీసులో రాత్రి చూసిన సినిమాను పొద్దున బావి దగ్గర, ఎవరు ఎట్లా నడిచారో, ఎవరు ఎట్లా కళ్ళు తుడుచుకున్నారో చేసి చూపిస్తూ చెప్పేది. బిందెలు నిండినా ఆడవాళ్ళు కదిలేవాళ్ళు కాదు. ఆ నోరే ఆమెకు ఉన్న ఆస్తి.

పదిహేడో ఏట దొరస్వామికిచ్చి పెళ్ళి చేశారు. కాపురానికొచ్చిన మొదటి రోజు భోజనాల దగ్గర చెంబు పట్టుకుని, అత్త మునెమ్మను "తన్నీ పొయ్యాలా అత్తా?" అని అడిగింది. నీళ్ళను తన్నీ అనడమే ఆమెకు అలవాటు. పంక్తిలో కూర్చున్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. నవ్వితే నవ్వారు, అంతటితో వదిలారా? మునెమ్మ వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. "మా కోడలు నోరు తెరిస్తే అరవం రాల్తాదమ్మా" అని. అరవపిల్ల అని పేరు కూడా పెట్టేసింది. మునెమ్మ దుర్మార్గురాలేం కాదు. నలుగుర్ని నవ్వించడం ఆమెకు సరదా, ఆ సరదాకు ఇంట్లో దొరికింది కొత్త కోడలు. కానీ ఎగతాళి చేసినవాళ్ళు ఆ పూటతో మరిచిపోతారు, పడినవాళ్ళు మరిచిపోరు.

సుబ్బులమ్మ నోరు మూసుకుంది. అడిగినదానికి రెండు మాటలు, అడగనిదానికి అదీ లేదు. ఒక కూతురు పుట్టింది, పంకజాక్షి అని పేరు పెట్టుకున్నారు. ఆ బిడ్డకు జోల పాడడం కూడా తలుపు వేసుకునే. దొరస్వామి మాత్రం భార్య స్వభావమే అంత అనుకున్నాడు. అనుకోవడమే కాదు, "మా ఇంటిది నోట్లో నాలుక లేని మనిషబ్బా" అని అంగట్లో గొప్పగా చెప్పుకునేవాడు. పదిహేడేళ్ళు ఆ మెప్పును సుబ్బులమ్మ మోసింది. మెప్పు కూడా బరువేనని దొరస్వామికి ఎవరు చెప్పాలి?

1982 ఆగస్టులో ఒక ఆదివారం. హాల్లో పదిహేనుమంది ఆడవాళ్ళు చేరారు. పక్కింటి యశోదమ్మ, రేడియోలూ టీవీలూ రిపేరు చేసే నూర్ అహ్మద్ భార్య వహీదున్నీసా, వాళ్ళ పిల్లలు, ఇంకా వీధి చివరి నుంచి కూడా కొందరు. మునెమ్మ స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుంది. సినిమా సగానికొచ్చేసరికి పెట్టె గొరగొరమని గొంతు సవరించుకుని, ఇక పలకనంది. బొమ్మ మటుకు నిక్షేపంగా ఉంది. నెత్తిన కొట్టి చూశారు, చెవి మెలిపెట్టినట్టు మీటలన్నీ తిప్పి చూశారు. లాభం లేకపోయింది.

"నీకు అరవమొచ్చు గదమే," అంది మునెమ్మ కోడలి వైపు తిరిగి. "అది ఏం మాట్లాడతా ఉండాదో నువ్వు చెప్పు."

మాట వినపడకపోతే అరవమొచ్చి ఏం లాభం? అయితే అది సుబ్బులమ్మ చిన్నప్పుడు తిరుత్తణిలో రెండుసార్లు చూసిన సినిమానే. ఆమె గోడవైపు చూస్తూ, లోగొంతుతో మొదలుపెట్టింది. "ఇప్పుడు ఆయమ్మ వాళ్ళన్న కాడికి పోయి, ఇంట్లో బియ్యం లేదని చెప్పలేక, ఊరికే సూసిపోదామని వచ్చినాను అంటా ఉండాది..." ఎవరూ నవ్వలేదు. "గట్టిగా చెప్పక్కా" అంది వహీదున్నీసా వెనక నుంచి. సుబ్బులమ్మ గట్టిగా చెప్పింది. అన్న గొంతు వేరు, చెల్లెలి గొంతు వేరు. సినిమా ముగిసేసరికి యశోదమ్మ కొంగు తడిసిపోయింది.

మరునాడు నూర్ అహ్మద్ వచ్చి పెట్టె వెనక చెక్క విప్పి చూశాడు. "సౌండు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందక్కా. ఈ కంపెనీ మూతపడింది. సామాను తిరుపతిలో కూడా దొరకదు. మద్రాసు పోయి పాత సామాన్ల అంగళ్ళలో వెతకాల" అన్నాడు. వెతకమంది సుబ్బులమ్మ. నెల తర్వాత ఒకసారి అడిగింది. ఆ తర్వాత అడగలేదు. ఎందుకు అడగలేదో ఆమె తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు.

అప్పట్నుంచి ఆదివారం ఆమె రోజైంది. చూసిన సినిమా అయితే సరే. చూడనిదైతే పెదాల కదలికను బట్టి కొంత, ముఖాలను బట్టి కొంత, మిగిలింది సొంతంగా. చుక్కలు పడి బొమ్మ సరిగా కనపడనప్పుడు గొడుగు పట్టుకుని ఎవరొస్తున్నారో, ఆ ఇంట్లో మంచం ఎక్కడ వేశారో అన్నీ చెప్పేది. "ఇప్పుడెవరొచ్చినారే?" అని మునెమ్మ గడియకోసారి అడిగేది కూడాను. కాఫీ గింజలు వేయించేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు సుబ్బులమ్మ వచ్చే ఆదివారం గురించే ఆలోచించేది. ముప్పై అయిదేళ్ళ మనిషికి మళ్ళీ పదహారేళ్ళ పిల్ల సంతోషం వచ్చిపడింది.

తప్పులు జరక్కపోలేదు. ఒక సినిమాలో పెద్దమనిషి లాంటి ఒకాయన హీరోయిను ఇంట్లో తిరుగుతుంటే, చిన్నాయన అని చెప్పేసింది. గంటసేపు చిన్నాయన మంచితనమంతా వర్ణించి చెప్పింది. తీరా ఆ చిన్నాయన పట్టుబట్టలు కట్టుకుని వచ్చి ఆ పిల్ల మెళ్ళో తాళి కట్టేశాడు. హాలంతా నిర్ఘాంతపోయింది. "అయ్యో పాపిష్టోడా! అన్న కూతుర్నా?" అని యశోదమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. సుబ్బులమ్మ తడుముకోలేదు. "చిన్నాయన అని పిలిపించుకున్నాడు గానీ, అసలు ఆయన ఆ పిల్లకు మేనమామ. అమ్మకు సొంత తమ్ముడు. చిన్నప్పుడు తప్పిపోయినాడు. నేను ముందే చెప్పేస్తే మీకు రుచుండదని చెప్పలేదు" అంది. మేనమామ అనేసరికి అందరి ముఖాలూ తేటపడ్డాయి. "అట్లా చెప్పు. మేనమామ అయితే ఇంగేం, ముందే కట్టాల్సింది" అంది మునెమ్మ. అక్షింతలు దొరికితే అప్పుడే టీవీ మీద వేసేటట్టున్నారు.

ఇట్లా పద్నాలుగు నెలలు గడిచాయి.

1983 అక్టోబరులో, దీపావళి సరుకు బేరానికని మద్రాసు నుంచి వరదయ్య అనే పెద్ద వ్యాపారి వచ్చాడు. దొరస్వామి ఆయన్ని సాయంత్రం టిఫినుకు ఇంటికి పిలుచుకొచ్చాడు. ఇంటికొచ్చిన పెద్దమనిషికి టీవీ చూపించకపోతే ఎట్లా? తాళం తీసి, చెక్క తలుపులు జరిపి, మీట నొక్కాడు. బొమ్మ వచ్చింది. ఎవరో వీణ వాయిస్తున్నారు. చప్పుడు లేదు. దొరస్వామి మీట ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు.

"నాయనా, అది పలకదు. పోయినేడే పోయింది" అంది పంకజాక్షి తలుపు వెనక నుంచి.

వరదయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమప్పా దొరస్వామీ, మూగపెట్టెకు తాళమేసి పెట్టుకోనుండావే! మద్రాసులో అందరూ కలరు టీవీలు కొంటా ఉండారు. నీకేం తక్కువ?"

దొరస్వామికి తలకొట్టేసినట్టయింది. అతిథిని సాగనంపి వచ్చి భార్యను నిలదీశాడు.

"ఏడాది పైన ఆయ. నాకెందుకు చెప్పలా?"

"మీరు చూడరు గదా అని," అంది సుబ్బులమ్మ.

అబద్ధమేం కాదు. సగం నిజం.

మరునాడే నూర్ అహ్మద్‌ను పిలిపించారు. ఆయన వెనక చెక్క విప్పి, దుమ్ము ఊది, నింపాదిగా చెప్పాడు. "రెండు దార్లుండాయన్నా. తిరుపతిలో ఇట్లాంటిదే పాత పెట్టె ఒకటి విప్పేసినారు. దాంట్లో ట్రాన్స్‌ఫార్మరు మంచిగుండాది, తెచ్చి పెడితే ఇది పలుకుతాది. బొమ్మకు ఇంకా మూడు నాలుగేండ్లు ఢోకా లేదు. లేదంటావా, దీన్ని తీసేసి కలరుది తెచ్చుకో. నేను రిపేరోణ్ణి, కొత్తది కొనమని నా నోట రాదు. అట్లాగని వద్దని కూడా చెప్పను."

ఆ వారమే తిరుపతి నుంచి ఒక అంగడివాళ్ళు కలరు టీవీ పంపిస్తామన్నారు. ఆదివారం దాకా ఇంట్లో పెట్టుకుని చూడొచ్చు, నచ్చితేనే బేరం. సరే, ఆదివారం సినిమా చూసి తేల్చేస్తానన్నాడు దొరస్వామి. జీవితంలో మొదటిసారి ఆదివారం సాయంత్రం అంగడి పనివాళ్ళకు అప్పగించి వస్తానన్నాడు.

సుబ్బులమ్మకు మాత్రం రెండు దార్లూ ఒకటే. రిపేరు చేసినా మాట వస్తుంది, కొత్తది తెచ్చినా మాట వస్తుంది. ఏ దారిన పోయినా తన మాట పోతుంది. మూగదే బాగుండాది, దీన్ని ఇట్లాగే ఉంచండి అని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? విన్నవాళ్ళు మతి పోయిందనుకోరూ? వారమంతా ఎవరితోనూ ఏమీ అనలేదు. కూరలో ఉప్పు ఎక్కువైంది, ఒకరోజు అసలు పడలేదు. పంకజాక్షి ఒక్కతే కనిపెట్టింది. "కలరుదొస్తే నువ్వు చెప్పేది లేదు కదమ్మా?" అంది జడ వేయించుకుంటూ. ఆ పిల్లకు పాటలు వినాలనే కోరిక ఉంది, తల్లి ముఖం చూస్తే బాధగానూ ఉంది. సుబ్బులమ్మ జడ గట్టిగా లాగి, "గమ్మునుండు" అంది.

ఆదివారం వచ్చింది. కొత్త టీవీని బల్ల మీద పెట్టారు, పాతదాన్ని గోడవైపు తిప్పేశారు. ఆ రోజు పదిహేనుమంది కాదు, పాతికమంది వచ్చారు. దొరస్వామి కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చున్నాడు. మీట నొక్కగానే రంగులు. నిజం చెప్పాలంటే బాగున్నాయి. హీరోయిను చీర మామిడి చిగురు రంగని, కనకాంబరాలు కనకాంబరాల్లాగే ఉన్నాయని ఆడవాళ్ళు చేతులు చూపించి మరీ చెప్పుకున్నారు. పాట వస్తే పంకజాక్షి పెదాలు కలిపింది. అలవాటుకొద్దీ సుబ్బులమ్మ, "ఇప్పుడు ఆయప్ప వాళ్ళమ్మతో..." అని మొదలుపెట్టింది.

"ఉండు సుబ్బులక్కా, విననీ," అంది యశోదమ్మ కళ్ళు టీవీ మీద నుంచి తిప్పకుండానే.

యశోదమ్మ మనసులో ఏమీ లేదు. మామూలుగా అన్నమాటే. కానీ సుబ్బులమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టింది. ఏడుపొచ్చింది. అరవపిల్ల అని నవ్విన రోజున కూడా ఇంత ఏడుపు రాలేదు. ఆనాడు పోతున్నదేమిటో తెలియని వయసు, ఈనాడు బాగా తెలుసు. ముఖం కడుక్కుని గ్లాసులు సర్దుకుంటుంటే హాల్లోంచి మునెమ్మ కేక వినపడింది.

"సుబ్బులూ! యాడికి పోతివే? ఎవురో ఏడస్తా ఉండారు. ఎవురది? ఎందుకు ఏడస్తా ఉండాది?"

"ఎదురుగా కనపడతా ఉండాది కదా పెద్దమ్మా, రంగుల్లో!" అంది యశోదమ్మ నవ్వుతూ.

"నాకు రంగూ లేదు, మనిషీ లేదు. అంతా తెల్లగా పొగ" అంది మునెమ్మ విసుగ్గా. అనేసి, అనకూడనిది అనేశానని తెలిసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పంకజాక్షి లేచి అవ్వ కళ్ళ ముందు చెయ్యి ఆడించింది. మునెమ్మ రెప్ప వేయలేదు. దొరస్వామి కుర్చీ వదిలి తల్లి ముందర గొంతుక్కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళుగా అమ్మా?"

"ఒక కన్ను రెండేండ్లాయ. రెండోది ఉగాదికి ముందు."

"చెప్పలేదే నాకు?"

"చెప్తే కంట్లో కత్తి పెట్టిస్తావు. నాకు భయం."

"మరి వారం వారం ఈడ కూచుని ఏం సూస్తా ఉంటివి?"

"అది చెప్తా ఉంటే సూస్తా ఉంటిని," అంది మునెమ్మ. "ఎవురొచ్చింది, యాడ నిలబడింది, అన్నీ చెప్తాది గదా నీ పెండ్లాం. ఈ కొత్త పెట్టె అరుస్తాది గానీ ఏమీ చూపించదు."

టీవీ మాత్రం మాట్లాడుతూనే ఉంది. సుబ్బులమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. గడియకోసారి "ఇప్పుడెవరొచ్చినారే" అని అత్త అడుగుతుంటే ముసలితనపు చాదస్తం అనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె వచ్చి పీట పక్కన నేలమీద కూర్చుని, మునెమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, "ఏడిచింది ఆ పిల్ల కాదత్తా, వాళ్ళమ్మ. కొడుకు పెట్టె సర్దుకొని గుమ్మం దిగుతా ఉండాడు" అని చెప్పడం మొదలుపెట్టింది. సినిమా ముగిసేదాకా అట్లాగే చెప్పింది. దొరస్వామి ఆ తర్వాత టీవీ చూడలేదు. వాళ్ళిద్దర్నే చూస్తూ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో భార్య ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా ఆయన చూడలేదు. ఏం చెబుతున్నదో మాత్రం ఆయనకు వినపడలేదు.

సోమవారం పొద్దున అంగడికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగాడు. "ఏం చేద్దాం? నువ్వు చెప్పు" అన్నాడు. ఆయన భార్యను ఏ విషయంలోనైనా ఇట్లా అడగడం అదే మొదలు.

 అత్తకు చూపొస్తే ఇక తన అవసరం ఎవరికీ ఉండదని సుబ్బులమ్మకు తెలుసు. తెలిసే చెప్పింది. "ముందు అత్త కండ్లు బాగు చేయించండి. టీవీ సంగతి ఆ తర్వాత."

"అయినా దానికీ ఒకటి అనుకోవాల గదా. తిరుపతోళ్ళు అడుగుతారు."

"కలరుది పంపించేయండి. పాతదానికే నూర్ భాయ్‌తో మాట తెప్పించండి. పిల్లకు పాటలు వినాలని ఉండాది."

రెండు రోజుల్లో నూర్ అహ్మద్ తిరుపతి నుంచి ట్రాన్స్‌ఫార్మరు తెచ్చి బిగించాడు. పాత పెట్టె పద్నాలుగు నెలల మౌనం విడిచి, అరవంలో వాతావరణ సమాచారం చెప్పింది. పంకజాక్షి చప్పట్లు కొట్టింది. సుబ్బులమ్మ నూర్ అహ్మద్‌కు కాఫీ ఇచ్చి, బాగుండాది భాయ్ అంది. ఆ తర్వాత ఆదివారాలు ఆడవాళ్ళు వచ్చారు, చూశారు, విన్నారు, పోయారు. సుబ్బులమ్మ మునెమ్మ చెవిలో చెప్పేది, అంతే. అదీ ఆపరేషను అయ్యేదాకానే అని ఆమె లెక్క వేసుకుంది.

కార్తీకం వెళ్ళాక ఊళ్ళో ఒక సత్రంలో కంటి శిబిరం పెట్టారు. బయటి ఊరి డాక్టర్లు వచ్చి శుక్లాలు తీశారు. దొరస్వామి తల్లిని నచ్చజెప్పి, భయపెట్టి, చివరికి రిక్షాలో ఎక్కించి తీసుకుపోయాడు. సత్రం పెద్ద హాల్లో రెండు వరసలుగా చాపలు. చాపకొక ముసలి ప్రాణం, రెండు కళ్ళకూ కట్టు. వారం రోజులు వెల్లకిలా పడుకోవాలి. తల తిప్పకూడదు, దగ్గకూడదు, నవ్వకూడదు, ఏడవకూడదు. ఇన్ని కూడదులు విన్నాక మనిషికి ముందు అవే చేయాలనిపిస్తుంది. మూడోరోజుకు హాలంతా మూలుగులు. ఒకాయన లేచి కూర్చుంటానంటాడు, ఒకామె కట్టు విప్పమంటుంది. నర్సమ్మ ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తి పరిగెత్తి అలిసిపోయింది.

"సుబ్బులూ, ఏదన్నా సినిమా చెప్పవే. పొద్దు పోవడంలా" అంది మునెమ్మ సాయంత్రం పూట.

"చెప్పమ్మా తల్లీ, వీళ్ళు కదలకుండా ఉంటే అదే పదివేలు. కానీ నవ్వించొద్దు, ఏడిపించొద్దు. కుట్లు తెగుతాయి" అంది నర్సమ్మ.

నవ్వించనిదీ ఏడిపించనిదీ అయిన అరవ సినిమా ఎక్కడైనా ఉందా? సుబ్బులమ్మ తిరుత్తణి నాటి నుంచి చూసినవన్నీ మనసులో తిరగేసింది. ఒక్కటీ పనికి రాలేదు. చివరికి సినిమా కానిదే మొదలుపెట్టింది.

"ఒక పల్లెలో ఒక పిల్ల ఉండాది. బావి కాడ కూచుని కతలు చెప్పడమంటే ఆ పిల్లకు శానా ఇష్టం..."

ఎవరికీ తల ఊపే వీలు లేదు. అందుకని వింటున్నామని తెలియడానికి అందరూ ఊ కొట్టడం మొదలుపెట్టారు. ఊ, ఊ అని రెండు వరసల్లోంచీ. ఆ పిల్లను ఒక పట్నానికి ఇచ్చారు. మొదటి రోజు ఒక మాట తప్పు పలికితే అందరూ నవ్వారు. ఆ పిల్ల నోరు మూసుకుంది. ఏళ్ళు గడిచాయి. సుబ్బులమ్మ ఎవరి గొంతూ మార్చలేదు. తన గొంతుతోనే, దాచకుండా, బాధ కూడా కలపకుండా చెప్పింది.

అప్పుడే దొరస్వామి రాత్రి భోజనం క్యారియరు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. మొదట ఆ గొంతు ఎవరిదా అనుకున్నాడు. తర్వాత ఆ కథ ఎవరిదో తెలిసింది.

"ఆ మొగుడు ఏమీ అనలేదా?" అని అడిగింది రెండు చాపల అవతల నుంచి ఒక అవ్వ.

"ఆయన చెడ్డోడు కాదవ్వా. ఆయనకు తెలీదు."

"అన్నేండ్లు ఒక ఇంట్లో ఉండి తెలీదా? వాడి కండ్లకు గూడా ఇట్లా కట్టు కట్టాల."

అటువైపు ఎవరో కిసుక్కుమన్నారు. "నవ్వొద్దు, నవ్వొద్దు" అని నర్సమ్మ హెచ్చరించింది.

"అత్త సంగతి తగ్గించి చెప్తా ఉండావు సుబ్బులూ," అంది మునెమ్మ. కట్టు కింద ఆమె పెదాలు వణుకుతున్నాయి. "పేరు పెట్టింది ఎవురో అది చెప్పవా? ఉండేది ఉన్నట్టు చెప్పు."

"ఏడవొద్దత్తా. కుట్లు తెగుతాయి" అని సుబ్బులమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళకు ఏ కట్టూ లేదు కాబట్టి, ఆమె ఏడవడానికి నర్సమ్మ అడ్డు చెప్పలేదు.

"ఇంతకూ తర్వాత ఏమాయ తల్లీ?" అని అడిగాడు వరస చివర పడుకున్న ముసలాయన. "ఆ పిల్ల మళ్ళీ మాట్లాడిందా లేదా?"

సుబ్బులమ్మ తల ఎత్తి చూసింది. గుమ్మంలో దొరస్వామి చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా క్యారియరు గోడవారగా పెట్టి, ఆ ముసలాయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. ఆమె కాసేపు ఆయన్నే చూసి, కళ్ళు తుడుచుకుంది.

"మాట్లాడతా ఉండాది తాతా," అంది.

రెండు వరసలూ ఊ కొట్టాయి. అందరికన్నా ఆఖరున దొరస్వామి ఊ కొట్టాడు.